అందరికీ ఒకే పలకా?

మార్కాపురం అనగానే మీ తాతయ్యలకు, నాయనమ్మలకు జ్ఞాపకం వచ్చేది పలక. ఆ ఊరి చుట్టుపట్ల గనుల్లో దొరికే రాయి పొరలు పొరలుగా విడిపోతుంది. ఆ పొరను కోసి, నునుపు చేసి, చుట్టూ కొయ్య చట్రం బిగిస్తే పలక తయారయ్యేది. ఒకప్పుడు ఆ పలకలు ఎన్నో రాష్ట్రాల బడిపిల్లల సంచుల్లో ఉండేవి. నోటు పుస్తకాలు చవకై, రేకు పలకలు, ప్లాస్టిక్కు పలకలు వచ్చాక ఆ గిరాకీ తగ్గిపోయింది. ఇప్పుడు అదే రాయిని గోడలకు, నేలకు పరిచే బిళ్ళలుగా కూడా కోస్తున్నారు.

ఇంతకూ మీకొక ప్రశ్న. ఒక తరగతిలో నలభైమంది పిల్లలున్నారు. మాష్టారు ఒక్కొక్కరికీ ఒక్కొక్క లెక్క చెప్పారు. కాని రాసుకోవటానికి తరగతి మొత్తానికి గోడకు తగిలించిన పలక ఒకటే ఉంది. మొదటివాడు వెళ్ళి తన జవాబు రాశాడు. రెండోవాడు దాన్ని తుడిచి తనది రాశాడు. చివరకు నలభయ్యోవాడి జవాబు మాత్రం మిగిలింది. ఆ తరువాత మాష్టారు ఎవరిని అడిగినా వాళ్ళు గోడవైపు చూసి, ఆ నలభయ్యోవాడి జవాబునే తమదిగా చదివి వినిపిస్తారు. ఎవరూ అబద్ధం చెప్పటం లేదు. అయినా ముప్పై తొమ్మిది జవాబులు తప్పే.

ఇంత తెలివితక్కువ ఏర్పాటు ఎవరు చేస్తారని నవ్వుకుంటున్నారా? కొన్నేళ్ళ క్రితం నేనే చేశాను. అయితే అది పిల్లల తరగతి కాదు, నీళ్ళ మోటార్ల తరగతి. ఆ సంగతి చెప్పేముందు ప్రోగ్రాములలో తరగతి అంటే ఏమిటో కొంచెం చూద్దాం.

కంప్యూటరుకు పని చెప్పే ప్రోగ్రాములు చాలావాటిలో ‘క్లాసు’ అనే ఏర్పాటు ఉంటుంది. మాట మన బడిలోదే కాని అర్థం వేరు. ప్రోగ్రాములో క్లాసు అంటే ఒక జాతి వస్తువులన్నిటికీ పనికివచ్చే నమూనా. ‘మోటారు’ అనే క్లాసు రాశామంటే, మోటారు అనేది ఏమేమి గుర్తుపెట్టుకోవాలో, ఏమేమి పనులు చేయాలో అందులో చెబుతాం. ఆ నమూనా ప్రకారం తయారైన ఒక్కొక్క మోటారును ‘ఆబ్జెక్టు’ అంటారు. అది చేసే పనులను ‘మెథడ్లు’ అంటారు. మనం పద్ధతులు అందాం.

మోటార్లలో రకాలుంటాయి. బోరులో దించే మోటారు ఒకటి, కింది తొట్టిలో నీళ్ళను పై ట్యాంకుకు ఎక్కించే మోటారు మరొకటి. రెండింటికీ ఉమ్మడిగా ఉన్న సంగతులను ఒకచోట రాసి, తేడాలు మాత్రం విడివిడిగా రాసుకుంటే ఎంత శ్రమ తప్పుతుంది! ఆ ఉమ్మడి సంగతులున్నది ‘బేస్ క్లాసు’. దానినుంచి పుట్టి, తన తేడాలను కలుపుకొన్నది ‘డిరైవ్డ్ క్లాసు’. మనం తల్లి తరగతి, పిల్ల తరగతి అని పిలుచుకుందాం.

ఈ ఆలోచన 1960లలో నార్వే దేశంలో పుట్టింది. ఓస్లో నగరంలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటరులో ఓలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ అనే ఇద్దరు పనిచేసేవారు. లోకంలో జరిగే పనులను కంప్యూటరులో అనుకరించి చూడటం వాళ్ళ ఉద్దేశం. వంతెన దగ్గర సుంకం కట్టే గేటు ఉంది, దాని ముందు లారీలు, బస్సులు, కార్లు వరుసలో నిలబడ్డాయి. అన్నీ వేరువేరు బండ్లే, అయినా వరుసలో నిలబడటం అన్నిటికీ ఒకటే. అటువంటప్పుడు ‘వరుసలో నిలబడటం’ అనే పనిని లారీకొకసారి, బస్సుకొకసారి మళ్ళీమళ్ళీ రాయటమెందుకు? ఇట్లాంటి ప్రశ్నలనుంచే 1967లో ‘సిములా 67’ అనే భాష రూపుదిద్దుకొంది. కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ బహుమతి వాళ్ళిద్దరికీ 2001వ సంవత్సరానికి లభించింది. మరుసటి ఏడాదే ఇద్దరూ కన్నుమూశారు. సిములాను వాడి చూసిన బ్యార్నె స్ట్రౌస్ట్రప్ 1979లో మొదలుపెట్టిన పనే తరువాత సి ప్లస్ ప్లస్ అయింది. మీలో కొందరు పై తరగతుల్లో నేర్చుకోబోయే పైథాన్, జావా భాషల్లోనూ ఈ తల్లీపిల్లల ఏర్పాటు ఉంది.

వెలిగండ్లలో పదో తరగతి చదివే మా అక్క కూతురికి ఇదంతా చెబుతుంటే మధ్యలో అడ్డుపడి, “ఏంది మావయ్యా, నాయన ఆస్తి బిడ్డలకు వచ్చినట్టేనా?” అని అడిగింది. చాలా పుస్తకాలు కూడా ఆ పోలికే చెబుతాయి. ఇంగ్లీషులో దాని పేరే ‘వారసత్వం’ కదా! కాని నాకు ఆ పోలిక బొత్తిగా నచ్చదు. ఆరెకరాల చేను ముగ్గురు బిడ్డలకు వస్తే తలా రెండెకరాలే మిగులుతుంది. తల్లి తరగతిలోని పద్ధతి పదిమంది పిల్లలకు వచ్చినా ఒక్కొక్కరికీ పూర్తిగానే అందుతుంది, తల్లి దగ్గరా తరగదు.

“ఆస్తి కాదమ్మా, అమ్మమ్మ దగ్గర మీ అమ్మా, పిన్నీ గోంగూర పచ్చడి చేయటం నేర్చుకున్నారే, అదీ పోలిక” అన్నాను. నూరే పద్ధతి ఒకటే. కాని ఎవరి ఇంట్లో ఉప్పు డబ్బా వాళ్ళదే, ఎవరి కారం వాళ్ళదే. పద్ధతిని పంచుకున్నాం కదా అని రెండిళ్ళకూ కలిపి ఒకే ఉప్పు డబ్బా పెట్టుకోం. నేను చేసిన పొరపాటు సరిగ్గా అదే. పద్ధతిని పంచబోయి ఉప్పు డబ్బాను కూడా పంచేశాను.

ఇక ఆ కథ. కొన్ని ఊళ్ళ తాగునీటి మోటార్లను ఒకచోట కూర్చుని గమనించే ప్రోగ్రాము రాయమని నన్ను అడిగారు. ప్రతి మోటారుకూ కొన్ని ‘సెట్టింగులు’ ఉంటాయి. ఎన్ని గంటలకు మొదలుపెట్టాలి, ఎంతసేపు నడపాలి, ఎవరి ఫోనుకు కబురు పంపాలి వంటివి. వాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది ‘కరెంటు ఇంతకంటే తగ్గితే మోటారు ఆపెయ్యి’ అనే హద్దు.

ఈ హద్దు ఎందుకో తెలుసా? బోరులో దించే సబ్‌మెర్సిబుల్ మోటారు నీళ్ళలో మునిగి ఉంటుంది. చుట్టూ ఉన్న నీళ్ళే దాన్ని చల్లబరుస్తాయి. బోరులో నీళ్ళు అడుగంటితే మోటారు తిరుగుతూనే ఉంటుంది కాని తోడటానికి నీళ్ళుండవు. బరువు లేదు కనుక అది తీసుకునే కరెంటు తగ్గుతుంది. చల్లదనమూ పోతుంది. అట్లాగే వదిలేస్తే లోపలి తీగచుట్ట కాలిపోతుంది. మామూలు స్టార్టరులోని రిలే కరెంటు ఎక్కువైతే ఆపుతుంది గాని, తగ్గితే ఆపదు. ఆ పని ప్రోగ్రాము చేయాలి.

ఏడున్నర హార్సుపవరు బోరు మోటారు ఒకటి నీళ్ళున్నప్పుడు సుమారు 13 ఆంపియర్లు తీసుకునేది. దాని హద్దు 9 అని పెట్టాను. మూడు హార్సుపవరు తొట్టి మోటారు మామూలుగా 5 ఆంపియర్లు తీసుకునేది. దాని హద్దు 3. సెట్టింగులను ఫైలులోంచి చదివే పద్ధతి, సరిచూసే పద్ధతి, మళ్ళీ భద్రపరిచే పద్ధతి అన్నిటికీ ఒకటే కనుక వాటిని తల్లి తరగతిలో రాశాను. ఇంతవరకు తప్పేమీ లేదు. కాని చదివిన సెట్టింగులను రాసిపెట్టుకునే జాబితాను కూడా తల్లి తరగతి గోడకే తగిలించాను. అంటే అది ఒక్కొక్క మోటారుది కాదు, మొత్తం తరగతికి ఒకటే.

మోటార్లు ఒక్కొక్కటే తమ ఫైలు చదివి ఆ పలకమీద రాశాయి. తొట్టి మోటారు ఆఖరున చదివింది. దాంతో పలకమీద మిగిలిన హద్దు 3.

మరి పరీక్షించలేదా అంటారేమో. పరీక్షించాను, ఒక్క మోటారుతో! ఒక్క పిల్లవాడున్న తరగతిలో ఒక్క పలక సరిపోతుంది కదా. వానలున్నన్నాళ్ళు, చలికాలమంతా కూడా తప్పు బయటపడలేదు. బోరులో నీళ్ళున్నంతకాలం హద్దు 9 అయినా, 3 అయినా తేడా తెలియదు. మే నెలలో బోరు అడుగంటింది. కరెంటు 13 నుంచి 7కు పడిపోయింది. ప్రోగ్రాము పలకవైపు చూసింది. 7 అనేది 3 కంటే ఎక్కువే కదా అని ఊరుకుంది. తెల్లవారేసరికి మోటారు కాలిపోయింది. పైపులు ఒక్కొక్కటే విప్పి మోటారును పైకి లాగి, చుట్ట కట్టించి, మళ్ళీ దించేదాకా ఆ ఊరివాళ్ళు ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టుకొని ఎండలో నిలబడ్డారు. నేను వెళ్ళేసరికి ఒక పెద్దాయన, “నీ కంప్యూటరు లేనప్పుడు మా వాటర్‌మన్ చెవి పెట్టి విని మోటారు ఆపేవాడయ్యా” అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను.

దీన్ని చదివి, పంచుకోవటమే తప్పు, ఎవరి ప్రోగ్రాము వాళ్ళు వేరుగా రాసుకోవాలి అనుకోవద్దు. అట్లా అనుకొన్నవాళ్ళు ఇంకో గోతిలో పడతారు. దానికీ మన ప్రాంతంలోనే ఉదాహరణ ఉంది.

కనిగిరి చుట్టుపక్కల భూగర్భ జలంలో ఫ్లోరైడు ఎక్కువ. పళ్ళమీద గోధుమరంగు మచ్చలు, వయసు రాకముందే వంగిపోయే నడుములు మీలో చాలామంది చూసే ఉంటారు. ఎముకలను పట్టే ఈ జబ్బును గురించి మన దేశంలో మొట్టమొదట వచ్చిన శాస్త్రీయ పరిశోధనలలో ఒకటి నెల్లూరు జిల్లాకు సంబంధించినదే. షార్ట్ అనే వైద్య శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1937లో దాన్ని ప్రచురించారు. అప్పట్లో కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలోవే. తాగేనీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాముకు మించి ఫ్లోరైడు ఉండరాదని, వేరే నీటివనరు లేనేలేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు ఓర్చుకోవచ్చునని భారత ప్రమాణాల సంస్థ నిర్ణయించింది.

ఇప్పుడు నీటి పరీక్షల ఫలితాలను నమోదుచేసే ప్రోగ్రాము రాస్తున్నామనుకోండి. బోరుకొక క్లాసు, శుద్ధి యంత్రానికొక క్లాసు, ట్యాంకరుకొక క్లాసు. ఎవరి పలక వారిదే అనే సూత్రాన్ని గుడ్డిగా పట్టుకొని ఈ హద్దును మూడుచోట్ల రాస్తే ఏమవుతుంది? రాసేవాడు ఒకచోట 1 అని, ఒకచోట 1.5 అని, పొద్దుపోయి నిద్రమత్తులో ఇంకోచోట 15 అని కొడతాడు. చుక్క ఒక్కటి జారిపోతే చాలు, ఆ ట్యాంకరు నీళ్ళన్నీ మంచివేనని ప్రోగ్రాము ధ్రువీకరిస్తుంది. ఫ్లోరైడు బోరులో ఉన్నా, బిందెలో ఉన్నా ఎముకకు చేసే చెరుపు ఒకటే. కనుక ఈ అంకె మాత్రం తల్లి తరగతిలోనే, ఒకేచోట, ఏ పిల్లా చెరపటానికి వీలులేకుండా తాళం వేసి ఉండాలి. జావాలో, సి ప్లస్ ప్లస్‌లో అట్లా తాళం వేసే మాటలు ఉన్నాయి. పైథాన్‌లో అంత గట్టి తాళం లేదు. పేరును పెద్ద అక్షరాలతో రాసి, ముట్టుకోవద్దని హెచ్చరించటం ఆనవాయితీ.

ఈ రెండు సంగతుల మధ్య తేడాను నేను మోటారు కాలిన తరువాతగాని గ్రహించలేదు. ఫ్లోరైడు హద్దు లోకానికంతటికీ చెందిన అంకె. కరెంటు హద్దు ఆ మోటారుకు మాత్రమే చెందిన అంకె. రెండూ ప్రోగ్రాములో ‘సెట్టింగు’ అనే ఒకే పేరుతో కనిపిస్తాయి. అక్కడే మోసపోతాం. పేరు ఒకటైనంత మాత్రాన చోటు ఒకటి కాదు.

మరి సెట్టింగులు చదివే పనిని తల్లీపిల్లలు ఎట్లా పంచుకోవాలి? నా అభిప్రాయం ఇది. ఫైలు తెరవటం, ఒక్కొక్క వరుస చదవటం, అంకె ఉండవలసినచోట అంకే ఉందో లేదో చూడటం, తప్పుంటే గట్టిగా అరవటం తల్లి నేర్పాలి. పిల్ల మొదట తల్లి పద్ధతిని పిలిచి, ఆ పని ముగిశాక తన ప్రత్యేకమైన వరుసలను కలుపుకోవాలి. రాసుకునే పలక మాత్రం ఏ ఆబ్జెక్టుకు ఆ ఆబ్జెక్టు పుట్టగానే కొత్తగా రావాలి. ముఖ్యంగా, తల్లి ఎన్నడూ “నువ్వు బోరువా, తొట్టివా?” అని అడగకూడదు. అట్లా అడిగే ప్రోగ్రాములు చాలా చూశాను. బోరయితే ఇది, తొట్టయితే అది అని తల్లి తరగతిలోనే పెద్ద చిట్టా ఉంటుంది. కొత్తరకం మోటారు వచ్చినప్పుడల్లా తల్లిని కోసి కుట్టవలసి వస్తుంది. పుట్టబోయే పిల్లలందరి పేర్లూ ముందే తెలిసిన తల్లి ఎక్కడైనా ఉంటుందా?

ఇంకొక చిక్కు ఉంది. కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి. ఆబ్జెక్టు పుట్టేటప్పుడు ముందు తల్లి భాగం తయారవుతుంది, ఆ తరువాత పిల్ల భాగం. తల్లి భాగం తయారవుతుండగానే సెట్టింగులు చదివే పద్ధతిని పిలిచామనుకోండి. పిల్ల ఆ పద్ధతిని తనకు తగినట్లు మార్చుకొని ఉంది. అప్పుడు ఎవరి పద్ధతి నడవాలి? సి ప్లస్ ప్లస్‌లో, పిల్ల ఇంకా పుట్టలేదు కదా అని తల్లి పద్ధతే నడుస్తుంది. పిల్ల సెట్టింగులు చదవనేలేదని చాలాసేపటికిగాని తెలియదు. జావాలో పిల్ల పద్ధతే నడుస్తుంది. కాని పిల్ల భాగంలోని చోట్లు అప్పటికి సిద్ధంగా ఉండవు. తరువాత పిల్ల భాగం తయారయ్యేటప్పుడు, ముందు చదివి రాసిన అంకెలు తుడిచిపెట్టుకుపోవచ్చు కూడా. గోడలు లేవకముందే దూలాలకు ఉట్టి కట్టబోయినట్లు ఉంటుంది ఈ పని. అందుకే పుట్టటం వేరు, చదవటం వేరు అని నేను గీత గీసుకొన్నాను. ముందు ఆబ్జెక్టు పూర్తిగా పుడుతుంది, ఆ తరువాతే “ఇక చదువుకో” అని చెబుతాను.

ఒక పిల్లకు ఇద్దరు ముగ్గురు తల్లులుండవచ్చా అని మీకు సందేహం రావచ్చు. సి ప్లస్ ప్లస్, పైథాన్ ఉండవచ్చునంటాయి. జావా క్లాసుకు ఒక తల్లే ఉండాలంటుంది. మన ప్రకాశం జిల్లా చరిత్రే తీసుకోండి. 1970 ఫిబ్రవరిలో ఆ జిల్లా ఏర్పడినప్పుడు ఒంగోలు వైపు తాలూకాలు గుంటూరు నుంచి, కనిగిరి, పొదిలి వైపువి నెల్లూరు నుంచి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చాయి. ముందు ఒంగోలు జిల్లా అన్నారు. 1972లో టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. ముగ్గురు తల్లుల బిడ్డ అన్నమాట! అటువంటి బిడ్డకు ఒకే పేరుతో మూడు పద్ధతులు మూడువైపులనుంచి వస్తే ఏది పాటించాలి? పైథాన్ ఇందుకు తల్లుల వరుస ఒకటి నిర్ణయించుకొని ఆ వరుసలో వెతుకుతుంది. 2022 ఏప్రిల్‌లోనూ జిల్లాల గీతలు మారి చీరాల, అద్దంకి బాపట్ల జిల్లాలోకి, కందుకూరు నెల్లూరులోకి వెళ్ళాయి. క్లాసుల గీతలు కూడా అట్లాగే ఎప్పుడో ఒకప్పుడు మారతాయి.

పాత సెట్టింగు కొత్త ఇంట్లో చేసే హాని ఎంతవరకు పోతుందో చెప్పటానికి మా కాలిన మోటారు చాలా చిన్న ఉదాహరణ. 1996 జూన్ 4న దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానా నుంచి ఐరోపా దేశాలవారు ఏరియన్ 5 అనే రాకెట్టును మొదటిసారి ప్రయోగించారు. సుమారు 40 సెకన్లకు, 3,700 మీటర్ల ఎత్తున అది దారి తప్పి ముక్కలైపోయింది. అందులోని నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలూ పోయాయి. కారణం వెతికితే, దిక్కు చూపే పరికరంలోని ప్రోగ్రాములో కొంత భాగం పాత ఏరియన్ 4 నుంచి తెచ్చుకున్నదని తేలింది. పాత రాకెట్టుకు లేచిన తరువాత కూడా కొన్ని సెకన్లపాటు అవసరమైన ఒక లెక్క కొత్తదానికి అవసరమే లేదు. అయినా నడుస్తూనే ఉంది. కొత్త రాకెట్టు పక్కకు సాగే వేగం పాతదానికంటే ఎక్కువ. ఆ లెక్కలో వచ్చిన అంకె 16 బిట్ల చోటులో, అంటే 32,767 దాటని చోటులో, పట్టలేదు. పరికరం పనిచేయటం మానేసింది. అదనంగా పెట్టుకున్న రెండో పరికరం? దానిలోనూ అదే ప్రోగ్రాము! అదీ అదే కారణంతో, ఇంకొంచెం ముందే ఆగిపోయింది. ఇది తల్లి తరగతి, పిల్ల తరగతి అనే ఏర్పాటులో జరిగింది కాదు, నిజమే. కాని పెద్దలనుంచి వచ్చిన అంకెను, అది ఎవరికోసం పెట్టిందో అడగకుండా ఉంచుకున్నారు. నా కథలోనూ జరిగింది అదే.

కొందరు అనుభవజ్ఞులు ఇంకా ముందుకు పోయి, సెట్టింగులకు ఈ తల్లీపిల్లల బంధమే వద్దంటారు. 1994లో గామా, హెల్మ్, జాన్సన్, వ్లిస్సిడిస్ అనే నలుగురు రాసిన ‘డిజైన్ ప్యాటర్న్స్’ అనే పుస్తకం ఇటువంటి సలహానే ఇచ్చింది. ఒకదానినుంచి ఒకటి పుట్టించటం కంటే, ఒకదాని చేతికి ఇంకొకటి ఇవ్వటం మంచిదని దాని సారాంశం. అంటే పలక అనేదే వేరే వస్తువు. మోటారు పుట్టేటప్పుడు దాని చేతికి ఒక పలక ఇస్తాం. పలకను చదవటం, సరిచూడటం పలకకే తెలుసు. మోటారు దానిమీద ఉన్నదాన్ని చూసుకుంటుంది, అంతే. వయసు పెరిగేకొద్దీ నేనూ వీరి పక్షానికే ఒరుగుతున్నాను. పరీక్షించటానికి ఒక ఉత్తుత్తి పలక ఇచ్చి చూడవచ్చు, అసలు ఫైలుతో పనిలేదు. ఆ సౌకర్యం ఒక్కటి చాలు నాకు.

ఇంకొక మాట కూడా ఉంది. ఐదు హార్సుపవరు మోటారుకొక క్లాసు, ఏడున్నరకు ఇంకొక క్లాసు రాసే వాళ్ళున్నారు. వాటి మధ్య పద్ధతిలో తేడా ఏమీ లేదు. అంకెలు మాత్రమే వేరు. అవి రెండు తరగతులు కావు, ఒకే తరగతిలో రెండు పలకలు. నా పాత ప్రోగ్రామును తిరిగి రాసినప్పుడు పదకొండు పిల్ల తరగతులు మూడయ్యాయి. అయితే తల్లి తరగతిని మొత్తంగా తీసెయ్యలేదు. ఆపటం, నడపటం, కబురు పంపటం ఆ మూడింటికీ నిజంగానే ఒకటి కనుక.

మీ బడిలోగాని, ఇంట్లోగాని పైథాన్ ఉన్న కంప్యూటరు దొరికితే ఈ ప్రయోగం చేసి చూడండి. మోటారు అనే క్లాసు రాసి, దాని లోపల, ఏ పద్ధతిలోనూ కాకుండా, పలక అనే పేరుతో ఒక ఖాళీ లిస్టు పెట్టండి. మోటారునుంచి బోరు, తొట్టి అనే రెండు పిల్ల తరగతులు పుట్టించండి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఆబ్జెక్టు చేయండి. బోరు పలకకు అపెండ్ అనే ఆజ్ఞతో 9 కలపండి. తొట్టి పలకకు 3 కలపండి. ఇప్పుడు బోరు పలకను ప్రింట్ చేయండి. 9, 3 రెండూ కనిపిస్తాయి.

తరువాత ఆ ఖాళీ లిస్టును అక్కడినుంచి తీసి, ఆబ్జెక్టు పుట్టేటప్పుడు నడిచే ఇనిట్ పద్ధతిలో, సెల్ఫ్ అనే మాటకు జతచేసి పెట్టండి. మళ్ళీ అదే చేయండి. ఈసారి బోరుకు 9 ఒక్కటే ఉంటుంది. మూడోసారి, బోరు తరగతిలోనూ ఒక ఇనిట్ రాసి, అందులో సూపర్ అనే మాటతో తల్లి ఇనిట్‌ను పిలవటం కావాలనే మరిచిపోండి. బోరుకు అసలు పలకే ఉండదు. ఆట్రిబ్యూట్ ఎర్రర్ అని చెప్పి ప్రోగ్రాము ఆగిపోతుంది.

మా అక్క కూతురు ఇవన్నీ చేసి, నాలుగోది తనే కనిపెట్టింది. మొదటి ప్రయోగంలో లిస్టుకు బదులు హద్దు అనే పేరుతో ఒక అంకె పెట్టి, దాన్ని ఒక్కొక్క ఆబ్జెక్టులోనూ వేరువేరుగా మార్చి చూసింది. బోరు హద్దు 9గానే ఉంది, తొట్టి హద్దు 3గానే ఉంది. ఒకదాన్ని ఇంకొకటి చెరపలేదు. లిస్టు చెడినచోట అంకె ఎందుకు చెడలేదు? ఉన్న పలకమీద గీయటానికీ, కొత్త పలక తెచ్చుకోవటానికీ ఉన్న తేడాను గుర్తుపెట్టుకొని ఆలోచించండి. కారణం తోచినవారు నాలుగు వాక్యాల్లో రాసి పంపండి.